అంచే ఇంటిపేరు చెప్తది

పగ తీర్చుకోవడానికి పదేళ్లు పట్టినా ఆలస్యం కాదని చైనా వాళ్లకు ఒక సామెత ఉంది. ఇంగ్లిషు వాళ్లు అదే సంగతిని వంటింటి భాషలో చెబుతారు. పగ అనే వంటకం చల్లారాక వడ్డిస్తేనే రుచి అంటారు. మా నల్గొండ దిక్కు ఇంత నాజూకు లేదు. పాము పగ పన్నెండేళ్లు అని, మాట అక్కడితో వదిలేస్తారు. ఈ మూడింటినీ ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకున్న రోజు నాకు బాగా గుర్తుంది. ఆ రోజు అన్నం సయించలేదు. ఒక మనిషి మీద కోపంతోనే కడుపు నిండిపోయింది. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలని నేను ప్రయత్నించనూ లేదు. క్షమించడం గొప్ప గుణమని చెప్పేవాళ్ల సొత్తును ఇంతవరకూ ఎవరూ ఎత్తుకుపోయి ఉండరు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నల్గొండలో ఇంగ్లిషు ఎమ్మే చదివి ఇంట్లో కూర్చున్నాను. మాది మగ్గం ఇల్లు. బాపు నేసేవాడు. బాపును కన్న అవ్వ గుంజకు ఆనుకుని కూర్చుని, నేసినవాటికీ నేయనివాటికీ వంకలు పెట్టేది. ప్రైవేటు కాలేజీల్లో ఉద్యోగానికి పోతే నా ఇంగ్లిషు విని తలూపేవాళ్లు, నా తెలుగు వినగానే మొహం చిట్లించేవాళ్లు. రాష్ట్రం వచ్చింది గానీ వాళ్ల చెవులు ఇంకా పాత రాష్ట్రంలోనే ఉన్నాయి. చివరికి షాద్‌నగర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని దొరికింది. బకెట్లు, డబ్బాలు, మూతలు పోసే ప్లాస్టిక్ ఫ్యాక్టరీ. మిషన్లన్నీ చైనావి. వాటిని బిగించి మా వాళ్లకు నేర్పడానికి చైనా నుంచి ఒక టెక్నీషియన్ వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు, పనివాళ్లకు ఇంగ్లిషు రాదు. నేను మధ్యలో నిలబడి మాటలు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మార్చాలి.

పనివాళ్లలో చాలామంది మా దిక్కు ఆడవాళ్లే. మగ్గాలు మూలకు పెట్టి, షాద్‌నగర్‌లో కిరాయి గదుల్లో ఉంటూ షిఫ్టులకు వచ్చేవాళ్లు. టెక్నీషియన్‌కు యాభై ఏళ్లుంటాయి. బక్కపలచని మనిషి. ఎండాకాలంలో కూడా ఫ్లాస్కులో వేడినీళ్లు పెట్టుకుని తాగేవాడు. ఆయన ఇంగ్లిషు విచిత్రంగా ఉండేది. చిన్నప్పుడు బడిలో ఇంగ్లిషు సామెతలను, వాటికి సరిపోయే చైనా సామెతలను జంటలు జంటలుగా బట్టీ పట్టించారట. అందుకని ‘ఆ స్పానర్ ఇటివ్వండి’ అనడానికి తడబడేవాడు గానీ, సామెత అయితే తడుముకోకుండా చెప్పేసేవాడు.

మొదటి వారంలోనే ఒక మిషన్ దగ్గర గొడవైంది. అచ్చు చల్లారకముందే తెరవొద్దని ఆయన పొద్దుటి నుంచి చెబుతున్నాడు. మా వాళ్లు తలూపుతున్నారు, మళ్లీ తెరుస్తున్నారు. మూతలన్నీ వంకరపోతున్నాయి. చివరికి ఆయన చేతులు వేలాడేసి, పందుల ముందు ముత్యాలు పోసినట్టుందని ఇంగ్లిషులో అన్నాడు. అది ఉన్నదున్నట్టు చెబితే జుట్లు పట్టుకునేదాకా పోతుంది. మీ దేశంలో దీన్ని ఏమంటారని అడిగాను. ఆవు ముందు కూర్చుని వీణ వాయించినట్టు అంటామన్నాడు. నేను మా వాళ్ల దిక్కు తిరిగాను.

“సారు ఏమంటుండంటే, మీతోని చెప్పుడు దున్నపోతు మీద వాన పడ్డట్టే ఉందంట.”

అందరూ నవ్వారు. ముందు నిలబడ్డ ఒక పెద్దమ్మ మాత్రం నడుము మీద చేయి పెట్టుకుంది. ఆమె మా మండలం మనిషే. “దున్నపోతు ఊకెనే లేస్తదా బిడ్డా? మంచిగ అదిలిస్తే లేస్తది. జర నిమ్మళంగ, చేసి సూపియ్యమను సారును.”

ఆ మాట కూడా మార్చి చెప్పాను. ఆయన పగలబడి నవ్వి, వేడినీళ్లు ఒక గుక్క తాగి, పక్కన నిలబడి చేసి చూపించాడు. ఆ తరువాత మూతలు వంకరపోలేదు. ఇంగ్లిషు వాళ్ల పంది, చైనా వాళ్ల ఆవు, మా దున్నపోతు ఆ రోజు ఒకే దొడ్లో చేరాయి.

క్యాంటీన్‌లో చేతులు కడుక్కునే చోట ఒక నల్లబోర్డు ఉండేది. ఆ రోజు కూర ఏమిటో దాని మీద రాసేవాళ్లు. రోజూ పప్పే కాబట్టి రాయడం మానేశారు. దాన్ని నేను తుడిచి, పైన ఇంగ్లిషు సామెత రాశాను. దాని కింద ఆయన చేత చైనా అక్షరాల్లో వాళ్ల సామెత రాయించి, పక్కన అర్థం చేర్చాను. అడుగున మా సామెత. రోజుకొకటి. కొద్దిరోజులకే పనివాళ్లు పళ్లేలు పట్టుకుని ముందు బోర్డు దగ్గరకు వచ్చి, తరువాతే అన్నం దగ్గరకు పోవడం మొదలుపెట్టారు.

నాకు అందులో ఎంత సంతోషం ఉండేదో చెప్పలేను. సామెతలు సరిగ్గా అతుక్కోవు, అదే వాటి అందం. పిల్లి ఇంట్లో లేకపోతే ఎలుకలు ఆడుకుంటాయని ఇంగ్లిషు వాళ్లంటారు. పులి లేని కొండలో కోతి రాజని చైనా వాళ్లంటారు. ఎలుకలు ఆడుకుని ఊరుకుంటాయి, కోతి మాత్రం ఏకంగా పట్టాభిషేకం చేయించుకుంటుంది. మనకేమో చెట్టు లేని ఊళ్లో ఆముదపు చెట్టే మహావృక్షం. చైనాలో ఒక దొంగ గంట దొంగిలించబోతూ, మోగుతుందని భయపడి తన చెవులే మూసుకున్నాడట. మన పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుంది. ఇంగ్లిషు వాళ్ల నిప్పుకోడి ఇసుకలో తల దూరుస్తుంది. మధ్యాహ్నం టీకి ఈ మూడింటిలో ఎవరు ఎక్కువ తెలివితక్కువ వాళ్లని వాదించుకునేవాళ్లం. ఇంటికి పోయాక అన్నింటినీ శుభ్రంగా టైపు చేసి పెట్టుకునేదాన్ని. ఎప్పటికైనా ఒక చిన్న పుస్తకం వేయాలని, దాని అట్ట మీద నా పేరు ఉండాలని ఆశ. మా ఇంట్లో ఎవరి పేరూ ఎక్కడా అచ్చు కాలేదు. బాపు నేసిన చీరల మీద కూడా దుకాణం పేరే ఉండేది.

ఇక ఆ మనిషి సంగతి. ఆయన మా హెచ్ఆర్ మేనేజరు. ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ మాట. పుట్టింది పాలమూరు పల్లెలోనే. ఆ సంగతి ఎవరికీ తెలియదని ఆయన అనుకునేవాడు. వాళ్లమ్మ ఫోన్ చేస్తే జనరేటర్ గది వెనక్కు పోయి, “ఆఁ అమ్మా, తిన్ననే, నువ్వు తిన్నవా?” అని గొంతు తగ్గించి మాట్లాడేవాడు. మళ్లీ ఇటు వచ్చేసరికి టీవీలో వార్తలు చదివే గొంతు. ఎవరి బతుకు వాళ్లది, నేను పట్టించుకునేదాన్ని కాదు. ఆ బతుకును నా నెత్తిన రుద్దేదాకా.

ఒక రోజు బోర్డు మీద కప్ప వచ్చింది. బావి అడుగున కప్ప అని చైనా వాళ్లంటారు. మనమూ అచ్చంగా అదే అంటాం. ఇంగ్లిషులో వెతికితే సరిగ్గా అలాంటిది దొరకలేదు. ఇంగ్లిషు వాళ్ల బావుల్లో కప్పలుండవు కాబోలని నవ్వుకుని, పై వరుస ఖాళీగా వదిలేశాను. ఇంత దూరాన ఉన్న రెండు దేశాల కప్ప ఒకటే అయినందుకు టెక్నీషియన్ చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. కింద నేను ‘బాయిల కప్ప’ అని రాశాను. అన్నం వేళ. అందరూ పళ్లేలు పట్టుకుని చూస్తున్నారు. మేనేజరు వచ్చి బోర్డు చదివాడు.

“ఏంటమ్మా ఇది? బాయిల ఏంటి, బాయిల? నూతిలో కప్ప అనాలి. ఈ భాష ఇంట్లో మాట్లాడుకో. ఫారినర్ల ముందు కంపెనీ పరువు తీస్తావా?”

అక్కడున్న ఒక్క ఫారినర్‌కూ తెలుగులో అ ఆలు రావు. ఆయన ముందు పరువు ఎట్లా పోతుందో నాకు అర్థం కాలేదు. నోరు తెరిచేలోపే డస్టరు తీసి నా చేతిలో పెట్టాడు. “తుడిచెయ్,” అన్నాడు. తుడిచాను. అంతటితో ఆగలేదు. పనివాళ్ల దిక్కు తిరిగి, “నూతిలో కప్ప అంటే ఏమిటో తెలుసా? ఇదిగో, ఈ అమ్మాయే,” అని నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. ఏమన్నాడని టెక్నీషియన్ నన్ను అడిగాడు. మాటలు మార్చడమే నా పని, ఆ ఒక్క మాట మార్చలేకపోయాను. నా చేతుల నిండా సుద్దపొడి ఉంది.

ఆ వారంలోనే కంపెనీ యజమాని వచ్చాడు. మేం పెద్దసారు అనేవాళ్లం. బోర్డు చూసి మెచ్చుకున్నాడు. “ఐడియా నాదే సార్. చైనా వాళ్లకూ మనవాళ్లకూ వారధిలా ఉంటుందని,” అన్నాడు మేనేజరు, నేను పక్కనే ఉండగా. చైనా దొంగ కనీసం చెవులైనా మూసుకున్నాడు. ఈయన దేనికీ మొహమాటపడలేదు.

ఆ ఆదివారం ఇంటికి పోయాను. బాపు మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా. బాపు పేక ఆపలేదు.

“బోర్డు సంగతి ఇడిసిపెట్టు. ఇంకేమన్న అడిగిండా?”

“అన్ని సామెతలు ఒక్కకాడ పెట్టి ఇయ్యమన్నడు. పుస్తకమేస్తడంట. నీ పేరు ఏపిస్తలే అన్నడు.”

బాపు అప్పుడు ఆపాడు. మగ్గం మీది చీర అంచును వేలితో పైకెత్తి చూపించాడు. ఎరుపు అంచు చిట్టచివర, పోగుల మధ్య ఒకే ఒక్క పోగు పసుపుపచ్చగా ఉంది. నాకు తెలియనిది కాదు. మా ఇంట్లో ఏ చీర పడుగు పోసినా ఆ ఒక్క పోగు పెడతారు. పక్కింటివాళ్లది నీలం. వాళ్ల వెనకింటివాళ్లది రెండు తెల్లపోగులు. కట్టుకునేవాళ్లకు అది కనిపించదు. వెనుక ఒకసారి నల్గొండలో ఒక దుకాణదారు, కొత్త బుటా డిజైను తానే గీయించానని, మా ఇంటికీ దానికీ సంబంధం లేదని పదిమందిలో వాదించాడట. బాపు మాట్లాడకుండా చీర తెప్పించి అంచు తిరగేశాడట. ఆ కథ మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

“దొంగతనమైనంక గుర్తు పెడ్తమంటే ఐతదా?” అన్నాడు బాపు. “నేసేటప్పుడే పెట్టాలె. మంచోనికి ఇచ్చినా పెట్టాలె, దొంగకు ఇచ్చినా పెట్టాలె.”

గుంజకు ఆనుకున్న అవ్వ అంతదాకా కళ్లు మూసుకునే ఉంది. నిద్రపోయిందనుకున్నాను. “దొంగ బట్ట కట్టుకుంటే అంచే ఇంటిపేరు చెప్తది,” అంది. కళ్లు తెరవకుండానే అంది. ఆ మాట నా చిన్నప్పటి నుంచీ అవ్వ అంటున్నదే. దుకాణదారు గొడవ తరువాత మా చుట్టుపక్కల మగ్గాల ఊళ్లన్నింటికీ పాకిందది. పాకినచోటల్లా అవ్వ పేరుతోనే పాకింది.

బస్సులో తిరిగి వస్తూ దాన్నే నెమరేసుకున్నాను. నిజం దాగదని ఇంగ్లిషులో ఒక సామెత ఉంది. దానికి జంటగా నేను టైపు చేసుకున్న చైనా సామెత, కాగితంతో నిప్పును మూటగట్టలేరని. ఆ రాత్రి గదిలో ఆ ఒక్క వరుస కొట్టేసి, అక్కడ అవ్వ మాట పెట్టాను. చైనా సామెతల వరుసలో, చైనా సామెతగానే. మిగతావన్నీ టెక్నీషియన్ చూసి సరే అన్నవే. ఇది ఆయనకు చూపించలేదు. నిజాయితీ గల మనిషి, చూస్తే తీసేయమంటాడు. మేనేజరు చదివి అడిగితే మాత్రం చెప్పేద్దామనే అనుకున్నాను. నా పేరు వేస్తే నేనే మార్చి ఇద్దామనీ అనుకున్నాను. పసుపు పోగు మంచివాడిని ఏమీ చేయదు కదా.

మరునాడు మొత్తం మేనేజరు చేతికిచ్చాను. ఆయన చదవలేదు. తెలుగు వరుసలో మా సామెతలన్నీ ‘సరిచేయడానికి’ ఎవరికో ఇచ్చాడు. ‘బాయి’ ‘నుయ్యి’ అయింది, ‘గిట్ల’ అన్నవి ‘ఇలా’ అయ్యాయి. చైనా వరుస జోలికి ఎవరూ పోలేదు. కొన్నాళ్లకు పుస్తకం నమూనా వచ్చింది. అట్ట మీద ఆయన ఫొటో. కింద ఆయన పేరు, పేరు వెనక డిగ్రీలు. లోపల నా పేరు కోసం మొదటి నుంచి చివరిదాకా వెతికాను.

“సార్, నా పేరు వేయిస్తానన్నారు,” అన్నాను.

“టైపు చేసింది నువ్వు. కూర్చింది నేను. టైపిస్టుల పేర్లు పుస్తకాల మీద వేస్తారా ఎక్కడైనా?” అన్నాడు. ఆ నవ్వు మళ్లీ నవ్వాడు. “అన్నట్టు, వార్షికోత్సవంలో స్టేజి మీద చదవడానికి మంచివి కొన్ని గుర్తు పెట్టి ఇవ్వు.”

మొదట్లో చెప్పాను కదా, అన్నం సయించని రోజని. ఇదే ఆ రోజు. పగ గురించిన మూడు సామెతలనూ వరుసగా రాసుకుని, కాసేపు చూసి, కాగితం మడిచి పెట్టుకున్నాను. ఆ తరువాత ఆయన అడిగినట్టే మంచివి ఏరి ఇచ్చాను. కప్ప ఇచ్చాను. గంట దొంగను ఇచ్చాను. చివరన అవ్వ మాటను పెట్టాను. దాని కింద ఎర్ర గీత గీశాను, వదిలేయకుండా.

వార్షికోత్సవం ఫ్యాక్టరీ వెనక జాగాలో షామియానా వేసి చేశారు. అచ్చయిన పుస్తకాన్ని అక్కడే పంచారు. ముందు వరుసలో పెద్దసారు, చైనా నుంచి వచ్చిన అతిథులు, వాళ్ల పక్కన మా టెక్నీషియన్. వెనక పనివాళ్లు. అతిథులకు వినిపించడానికి నన్ను స్టేజి పక్కన చిన్న మైకు దగ్గర నిలబెట్టారు. మేనేజరు ఒక్కొక్కటే చదువుతున్నాడు, నేను ఇంగ్లిషులో చెబుతున్నాను. కప్పకు చప్పట్లు కొట్టారు. గంట దొంగకు టెక్నీషియన్ తల వెనక్కి వాల్చి నవ్వాడు. చప్పట్లు మేనేజరుకు తలకెక్కాయి. చైనాలో పాము బొమ్మ గీసి కాళ్లు తగిలించడమని ఒక సామెత ఉంది. అక్కర్లేనిది అతికించి ఉన్నదాన్ని చెడగొట్టడమని అర్థం. ఆయన ఆ రోజు పాముకు కాళ్లు పెట్టాడు.

“చివరగా నా మనసుకు దగ్గరైన చైనా సామెత,” అన్నాడు. “నేను ట్రైనింగుకు చైనా వెళ్లినప్పుడు, పట్టు నేసే ఒక ముసలాయన నా చేతులు పట్టుకుని చెప్పాడు. దొంగ బట్ట కట్టుకుంటే అంచే ఇంటిపేరు చెబుతుంది!”

నేను దాన్ని ఇంగ్లిషులో చెప్పాను. అతిథులు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. టెక్నీషియన్ తనలో తాను ఏదో గొణుక్కుని, లేచి నిలబడి, మర్యాదగా, ఇది మాది కాదు అన్నాడు. ఇలాంటి చోట మేం చెప్పేది కాగితంతో నిప్పును మూటగట్టలేరని, అన్నాడు. ఆ మాట తెలుగులోకి మార్చాల్సింది నేనే. నిదానంగా, మైకులో, ఒక్క అక్షరం పోకుండా మార్చాను.

అప్పుడు వెనక నుంచి లేచింది ఆ గొంతు. దున్నపోతును అదిలించాలన్న పెద్దమ్మది.

“ఓ సారూ! గది మా నేతోళ్ల అవ్వ మాట! మైకు కాడి గీ పిల్లోళ్ల అవ్వనే అంటది. చైనాకు ఎప్పుడు పోయొచ్చింది ముసల్ది?”

షామియానా కింద నవ్వు మొదలై ఎంతకీ ఆగలేదు. మగ్గాల ఊళ్ల ఆడవాళ్లంతా ఒకళ్లనొకళ్లు తట్టుకుని నవ్వుతున్నారు. పెద్దసారు నవ్వలేదు. ఏమిటిది అని మేనేజరును అడిగాడు. ఆయన మొహం నల్లబడింది. నా దిక్కు వేలు చూపించాడు.

“ఆ అమ్మాయి తప్పు సార్. అదంతా తనే చేసింది. తను పెట్టినదాన్నే నేను చదివాను.”

“అదంతా ఆమే చేసిందా?” అన్నాడు పెద్దసారు. చేతిలోని పుస్తకం తిరగేసి అట్ట మీది ఫొటో చూశాడు. “తప్పు ఆమెదైతే, పుస్తకం ఎవరిది?”

బాపు దుకాణంలో అంచు తిరగేసిన రోజున ఎట్లా ఉండి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. నేను ఒక్క మాటైనా అనలేదు. అనాల్సిందంతా ఆయన నోటితోనే మైకులో అన్నాడు. ఆ ఆనందం ఎంతదో ఇప్పుడు కూడా దాచుకోను. తన కాలు మీదే తాను రాయి ఎత్తి వేసుకున్నాడని చైనా వాళ్లంటారు. తీసిన గోతిలో తానే పడ్డాడని మనమంటాం. రెండూ బాగానే ఉన్నాయి, కళ్లారా చూడడం ఇంకా బాగుంది.

సాయంత్రం టెక్నీషియన్ వేడినీళ్ల ఫ్లాస్కు పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. నువ్వే పెట్టావా అన్నాడు. పసుపు పోగు సంగతి చెప్పాను. చాలాసేపు నవ్వి, ఆ మాట మా ఊరికి తీసుకుపోవచ్చా, మీ అవ్వను అడుగు అన్నాడు. నేను విస్తుపోయాను. అడగడం అనేది కూడా ఒకటుంటుందని ఆ ఫ్యాక్టరీలో మరిచిపోయాను. అప్పుడే ఫోన్ చేశాను. అవ్వ రెండుసార్లు అడిగించుకుని, “తీస్కపొమ్మను. నా పేరు చెప్పమను,” అంది. ఆయన అవ్వ పేరును పదేపదే పలికి నేర్చుకున్నాడు. ఇంటిపేరుతో సహా.

మేనేజరు ఉద్యోగం అప్పుడే ఊడలేదు. లోకం అంత తొందరగా నడవదు. కానీ పనివాళ్లు ఆయనను ‘అంచు సారు’ అనడం మొదలుపెట్టారు. ఆ పేరు పెట్టింది నేను కాదు, విన్న ప్రతిసారీ మాత్రం నా చెవిలో తేనె పోసినట్టుండేది. కొన్ని నెలలకు తనే మానేసి పోయాడు. పుస్తకాల కట్టలను బకెట్లకు గీతలు పడకుండా మధ్యన పెట్టడానికి చించి వాడారు. నా పేరుతో మళ్లీ వేద్దామని పెద్దసారు అన్నాడు. అంతలో కరోనా వచ్చింది. కొత్త సంవత్సరం పండక్కి చైనా పోయిన టెక్నీషియన్ తిరిగి రాలేకపోయాడు. ఫ్యాక్టరీ సగం మూతపడింది. ఆ పుస్తకం ఇక రాలేదు. అట్ట మీద నా పేరు ఈ రోజుకూ నేను చూసుకోలేదు. అవ్వ కూడా చూడకుండానే పోయింది.

పోయిన ఎండాకాలం పరీక్ష పేపర్లు దిద్దడానికి మహబూబ్‌నగర్ పోయాను. ఇప్పుడు నేను కాలేజీలో ఇంగ్లిషు చెబుతాను. నా తెలుగుకు ఎవరూ మొహం చిట్లించరు, కాలం మారింది. బస్టాండ్ నుంచి నడుస్తుంటే ఒక మేడ మీద స్పోకెన్ ఇంగ్లిషు సెంటర్ బోర్డు, దాని మీద ఆ ఫొటో. జుట్టు కాస్త తగ్గింది, నవ్వు అదే. మెట్లెక్కాను. ఎందుకని నన్ను నేను అడగలేదు.

తలుపు తెరిచే ఉంది. గది నిండా పిల్లలు. తెల్లబోర్డు మీద పైన ఇంగ్లిషు సామెత, నడుమ చైనా సామెత అర్థం, కాగితం, నిప్పు. ఈసారి సరిగ్గానే ఉంది. అడుగున ‘మన తెలంగాణ సామెత’ అని రాసి, దొంగ బట్ట కట్టుకుంటే అంచే ఇంటిపేరు చెప్తది.

“గిది మన యాస. మన గర్వం,” అంటున్నాడు ఆయన. ఇప్పుడు జనరేటర్ గది వెనక్కు పోవాల్సిన పని లేదు, ఇప్పుడది అమ్ముడుపోతుంది. “గీ సామెత నాకు మా అవ్వ చెప్పింది. చిన్నప్పుడు ఒళ్లో పండుకోబెట్టుకొని చెప్తుండె.”

ముందు నా పని ఎత్తుకుపోయాడు. ఇప్పుడు నా అవ్వను ఎత్తుకుపోతున్నాడు. నేను లోపలికి నడిచాను. ఆయన నన్ను చూసి బల్ల పక్కకు జరిగాడు. బల్ల మీది మార్కరు తీసుకుని, ఆ సామెత కింద అవ్వ ఇంటిపేరు రాశాను. పక్కన అవ్వ పేరు. ఆ పక్కన మా ఊరు పేరు. పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను.

“ఎవలు మేడం గామె?” అని ముందు బెంచీ పిల్ల అడిగింది.

“మీ సారునే అడుగు. ఒళ్లో పండుకున్నడంట గద,” అన్నాను. ఆయన దిక్కు తిరిగాను. “సదువుండ్రి సారూ. పిల్లలు వింటరు.”

ఆయన పిల్లల దిక్కు చూశాడు, తలుపు దిక్కు చూశాడు. చదివాడు. ఇంటిపేరు, పేరు, ఊరు. గొంతు బాగా తగ్గించి చదివాడు గానీ, గది నిశ్శబ్దంగా ఉంది కాబట్టి అందరికీ వినిపించింది.

మార్కరుకు మూత పెట్టి బల్ల మీద పెట్టాను. పక్కనున్న డస్టరు తీసి నా సంచిలో వేసుకున్నాను. ఆ రోజు పేపర్లు దిద్దడానికి కొంచెం ఆలస్యమైంది. డస్టరు ఇప్పుడు మా ఇంట్లో, బాపు మగ్గం పక్కన గూట్లో ఉంది.